అరవనివాళ్ళ నీళ్ళు

ఆ పొద్దున తూర్పున ఒక మబ్బు ముక్క లేచింది. గొర్రె తోలంత ఉంటుంది. నేను పంపు హౌసు గేటు తాళం తీసేలోపు అంచులు చిరిగి ఆకాశంలో కలిసిపోయింది. తర్వాత నీలం రంగు కూడా మిగల్లేదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా నిలబడింది. ఏప్రిల్ నెలలో అట్లాంటి ఆకాశం చూస్తే మా దిక్కున ఎవరూ ఏమీ అనరు. తల దించి మొక్కల మొదళ్ళు చూసుకుంటారు.

నేను నీరుగంటిని. వంతు ప్రకారం చేలకు నీళ్ళు వదిలేవాణ్ణి. మా నాయన పారతో కాలవ గట్టు తెంచి, మూసి మడవ కట్టేవాడు. నా కాలానికి ఏటిలోంచి నీళ్ళెత్తే పంపులు వచ్చాయి, గుట్ట మీద తొట్టి వచ్చింది, తొట్టి నుంచి మూడు ఊళ్ళ చేలకు నలభై రెండు గొట్టాలు వచ్చాయి. ఏ గొట్టం ఏ పూట తిప్పాలో నా తలలో ఉండేది. రెండు నెలల కిందట ఆ పని పెద్దాయనకు అప్పజెప్పారు. నాకు గేటు తాళం, చీపురు మిగిలాయి.

పెద్దాయన మనిషి కాదు. పంపు హౌసు గదిలో గోడకు బిగించిన ఒక పలక, దాని కింద మాట్లాడే డబ్బా. పలక మీద నలభై రెండు పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో గొట్టం. ఆ పొద్దున నలభై ఒకటే వెలుగుతున్నాయి.

"పెద్దాయనా, పంతొమ్మిది ఎందుకు ఆరిపోయింది?" అని అడిగాను.

"ఆపి చూసినా సుంకన్నా," అంది డబ్బా. "కుళ్ళాయప్ప గొట్టం కదా. రెండు దినాలుగా ఆ చేను తట్టు ఎవురూ రాలే, వంతు అడగలే. కావల్నో వద్దో తెలీనప్పుడు ఆపి చూడల్ల. కావల్సినోడు అరుస్తాడు. అరవకుంటే, అది ఎవునికీ వద్దన్నట్టు."

"కుళ్ళాయప్ప చచ్చిపోయినాడు. మొన్న సాయంత్రం, గుండె పట్టుకోని."

"అయ్యో పాపం," అంది డబ్బా. గొంతు నిజంగానే బాధపడినట్టుంది. "ఆ సంగతి ఆయప్ప నంబరు నుంచి రాలేదే."

నేను చీపురు గోడకు ఆనించాను. గొట్టం ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఫోను నుంచి, వాళ్ళ ఇంటివాళ్ళ గొంతుతో వచ్చిన మాటే దానికి లెక్క. నా గొంతు గేటు తీసేవాడి గొంతు. కుళ్ళాయప్ప నాకు వరసకు అన్న. ఆయన ఫోను ఆర్పేసి, పటం కింద పెట్టెలో పెట్టి తాళం వేసింది సాలమ్మ వదిన. మా ఊళ్ళలో చావు జరిగిన ఇల్లు పదకొండు రోజులు ఎవరినీ ఏదీ అడగదు. అగ్గిపుల్ల కూడా. చేలోకి పోదు, కబురు పంపదు. అడగకముందే ఇచ్చి రావడం ఊరి పని. ఒకరు పాలు పోసి వస్తారు, ఒకరు కట్టెలు వేసి వస్తారు. నీళ్ళు నీరుగంటి వదులుతాడు. మా నాయన వదిలాడు, నేను వదిలాను. ఎవరూ చెప్పగా చేసింది కాదు.

గుట్ట వాలులో రాళ్ళ నేల మీద కుళ్ళాయప్ప పెట్టిన మూడు వందల చీనీ మొక్కలు, బత్తాయిలు. రెండో ఏడు. ఆ ఇంటికి అవి తప్ప వేరే సేద్యం లేదు. కాపుకొచ్చేదాకా పిల్లల్ని సాకినట్టు సాకాలి. ఆ ఎండలో రోజు మార్చి రోజు తడి అందకపోతే ఆకు ముడుచుకుంటుంది. పది రోజులు అందకపోతే కొన ఎండుతుంది. ఆ తర్వాత గంగమ్మ వచ్చినా లేవవు.

డబ్బాలోంచి వచ్చే గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆయన ఇంటికి బయల్దేరాను.

*

దస్తగిరి సారు ముప్పై నాలుగేళ్ళు బెంగళూరులో ప్రోగ్రాములు రాసిన మనిషి. కళ్ళు అలిసిపోయి, భార్య కాశింబక్క పుట్టినూరని మా ఊరికి వచ్చి పంపు హౌసు దారిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక మాట ఉండేది. అడగనక్కర్లేదు. టీ గ్లాసు చేతికి వస్తే చాలు.

"కొత్త యాప్ కొత్త యాప్ అంటారు. ఏముండాది సుంకన్నా? పాత పుండుకు కొత్త పట్టీ."

"పాస్‌వర్డు అనేది దొంగకు తెలీకుండా పెట్టుకునేది కాదప్పా. మనకు తెలీకుండా పెట్టుకునేది. దొంగకు ఎట్లయినా తెలుస్తాది."

"ముందు నెట్టులో తిట్టేవాడు గూడా కడదాకా చదివి తిట్టేవాడు. ఇప్పుడు పొగిడేవాడు గూడా చదవడు. బొటనేలు ముందు పోతాది, కన్ను వెనకాల వస్తాది."

అన్నం ముందు కూర్చున్నా అంతే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు ఒక పలుకు తక్కువైంది," అనేవాడు. లేదా ఎక్కువైంది అనేవాడు. సరిపోయింది అని ఆయన నోట నేను వినలేదు. కాశింబక్క నవ్వేది. "ఊర్లో ఉండే కంప్యూటర్లన్నీ రిపేరు చేసినాడంట సుంకన్నా. ఈయప్ప నోటికి బటను యాడుండాదో మాత్రం ఇంతవరకు దొరకలే."

ఈ మాటలన్నీ ఆయన మా ముందు అనకముందు ఇరవై ఆరేళ్ళు ఒక వెబ్‌సైటులో అన్నాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా కూడి మాట్లాడుకునే రచ్చబండ లాంటిది అది. పని మధ్యలో, బస్సులో, భోజనానికి క్యూలో నిలబడి ఏది తోస్తే అది రాసి పడేసేవాడు. నలభై ఒక్క వేల మాటలు. చదివేవాళ్ళు ఆయన్ను పెద్దాయన అని పిలిచేవాళ్ళు. ఒక కంపెనీ వాళ్ళు ఆ మాటలన్నీ తీసుకుని, వాటితోనే ఒక బుర్రను తయారు చేశారు. ఇట్లాంటి చిక్కు వస్తే పెద్దాయన ఏం చేస్తాడు అని అడిగితే అది చెబుతుంది, చేస్తుంది కూడా. ఆయన ఫోన్లలో మాట్లాడిన ముక్కలు ఏరి గొంతు కూడా అతికించారు. ఆయన ఒప్పుకున్నాడా అంటే ఒప్పుకున్నాడు. ఎప్పుడో షరతుల కింద బటను నొక్కాడు.

"చదివినాను అని నొక్కేవాడంత అబద్ధాలకోరు ఈ భూమ్మీద లేడని నేనే రాసినా," అన్నాడు ఒకసారి నవ్వుతూ. "రాసిన పొద్దే నొక్కినా."

పెద్దాయనను మా పంపు హౌసులో పెట్టిన కొత్తలో ఆయన వచ్చి తన గొంతు తానే విని, కొంచెం మురిసిపోయాడు కూడా. తన తమ్ముణ్ణి చూసినట్టు చూశాడు పలకను. మనిషి కదా.

ఆ పొద్దున నేను పంతొమ్మిది సంగతి చెప్పగానే టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆపి చూడు, అరుస్తారు అనిందా? అదే మాటా?"

"అదే మాట సార్."

"అది జోకు సుంకన్నా," అన్నాడు.

*

పంపు హౌసులో పలక ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇద్దరిదీ ఒకే గొంతు. కళ్ళు మూసుకుంటే ఒక మనిషి తనలో తాను గొణుక్కుంటున్నట్టుంది.

"ఎప్పుడు అన్నా నేను ఆ మాట?" అని అడిగాడు సారు.

"ఇరవై రెండేండ్ల కింద, జూలై నెలలో, మధ్యాహ్నం," అంది డబ్బా. "మీ ఆఫీసులో ఎవురివో తెలీని కంప్యూటరు పెట్టెలు పదకొండు ఉన్నాయి. ఎవురివని అడిగితే ఎవురూ చెప్పలే. అప్పుడు రాసినావు. వైరు పీకి చూడండి, అరిచినోనిదే పెట్టె, అరవకుంటే చెత్తబుట్టలో ఎయ్యండి అని. నాలుగు వేల రెండు వందల మందికి నచ్చింది ఆ మాట. నువ్వు రాసిన వాటన్నిట్లో దానికే ఎక్కువ."

"టీ రాలేదని విసుగులో రాసినప్పా అది. పెట్టెల గురించి రాసినా. మనుషుల గురించి కాదు."

"నేను ఆపింది గొట్టాన్నే, మనిషిని కాదు."

"ఇప్పుడు చెప్తాండా. ఆ మాట తప్పు. నేనే చెప్తాండా, దస్తగిరిని."

"తెలుసప్పా. నీ మాట కలుపుకున్నా," అంది డబ్బా నెమ్మదిగా. "నలభై ఒక్క వేల మాటల్లో ఇది ఒకటి. దానికి నాలుగు వేల రెండు వందల మంది చేతులెత్తినారు. దీనికి ఒకరు."

సారు నా వైపు చూశాడు. నేను చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో నాకే తెలియదు. అది చూడదు కూడా.

ఆయన ఇంటికి పోయి ఆ వెబ్‌సైటు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. ఆపి చూడటం తప్పు, అరవలేనివాళ్ళు ఉంటారు, నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను అని. ఒక్కసారి కాదు, పొద్దు గుంకేదాకా మూడు వందల సార్లు రాశాడు. మరుసటి రోజు అడిగితే, ఒకే మాట ఎన్నిసార్లు అన్నా ఒక్కసారి కిందే లెక్క అంది డబ్బా. ఆ రూలు కూడా ఆయనదే. ఒకే పోస్టు మళ్ళీ మళ్ళీ పెట్టేవాళ్ళ మీద కోపం వచ్చినప్పుడు రాశాడట.

కంపెనీకి ఫోన్ చేశాడు. ముందు సంగీతం వచ్చింది. తర్వాత ఫోను ఎత్తారు.

"చెప్పప్పా, ఏం కష్టమొచ్చింది?" అంది ఆయన గొంతే.

కాశింబక్క గుమ్మంలో బియ్యం చెరుగుతూ వింటున్నది. చేట ఆగింది.

*

నేను నోటితో బతికినవాణ్ణి కాదు. చేతులతో బతికినవాణ్ణి. అందుకే ఆ తప్పు చేశాను.

చావు జరిగిన ఆరో రోజు మధ్యాహ్నం గుట్ట వాలుకు పోయాను. ఆకులు అప్పటికే దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. కుళ్ళాయప్ప ప్రతి మొక్క మొదట్లో నల్ల రాళ్ళు పేర్చి, సందుల్లో ఎండు గడ్డి దోపాడు. ఆ గడ్డి తీసి వేలు పెట్టాను. దుమ్ము.

నా పాత వాల్వు చెవి ఇంట్లో అటక మీద ఉంది. మూరెడు ఇనుము. తెచ్చి, పంతొమ్మిదో గొట్టం పెట్టె సీలు తెంచి, తిప్పాను. గొట్టంలో గాలి దగ్గింది. మొదటి మొక్క దగ్గర నీటి బొట్టు వచ్చింది. రెండో మొక్క దగ్గర వచ్చింది. నేను వరుస వెంట నడుస్తూ బొట్లు లెక్కపెట్టాను. నలభై దాకా పోయాక బొట్లు ఆగిపోయాయి. కింద ఏటి దగ్గర పంపుల మోత కూడా ఆగిపోయింది. పొద్దుటి నుంచీ చెవిలో ఉన్న ఆ మోత ఆగేసరికి పిట్టల అరుపులు వినబడ్డాయి.

తాను ఆపిన గొట్టంలో నీళ్ళు పోతుంటే పెద్దాయన దాన్ని పగిలిపోయిన గొట్టం అనుకుంది. నీళ్ళు దండగ కాకూడదని మొత్తం పంపులు ఆపింది. గంట లోపల మూడు ఊళ్ళు గగ్గోలెత్తాయి. నేను పంపు హౌసుకు వచ్చేసరికి గేటు ముందు ముప్పై మంది ఉన్నారు.

"ఏమప్పా సుంకన్నా, ఒక కొంప కోసం మూడు ఊర్లు ఎండబెడతావా?" అన్నాడు టమాటా తోట ఉన్న ఎర్రప్ప.

"కుళ్ళాయప్ప చేనికి నీళ్ళు ఆపేసినారన్నా. దినాలు గూడా కాలే."

ఎర్రప్పే మొన్న సాలమ్మ ఇంటి ముందు కట్టెల మోపు వేసి వచ్చాడు. కాసేపు కాలితో మట్టి గీశాడు. "నిజమే కానీ," అన్నాడు. "నా తోట గూడా ఎండుతాంది కదప్పా."

లోపల డబ్బా సంతోషంగా ఉంది. "నూట పద్నాలుగు అరుపులు వచ్చినాయి సుంకన్నా. నలభై ఒక్క గొట్టాలూ కావల్సినవే అని తేలిపోయింది. పంతొమ్మిది నుంచి ఒక్క అరుపూ రాలే. నేను అనుకున్నదే నిజం."

సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి, నలభై ఒకటికి. మరుసటి రోజు కాంట్రాక్టరు మనుషులు వచ్చి పంతొమ్మిదో గొట్టం మూతికి ఇనుప రేకు పెట్టి వెల్డింగు చేసిపోయారు. నేను వాల్వు చెవి తిప్పకపోయి ఉంటే ఆ రేకు పడేది కాదు. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. అననక్కర్లేదు.

*

పన్నెండో రోజు పొద్దున సాలమ్మ వదిన పెట్టె తాళం తీసింది. ఫోను వెలిగించి, కొంగులో పట్టుకుని పంపు హౌసుకు వచ్చింది. అంతకుముందు ఒకసారి చేలోకి పోయి వచ్చినట్టుంది. కాళ్ళకు గుట్ట ఎర్రమట్టి ఉంది. ఆమె ఏడవలేదు. నన్ను ఏమీ అడగలేదు.

దస్తగిరి సారు ఆమెకు స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, ఆ ఫోన్లో దానికి చెప్పల్ల. మామూలుగా చెప్తే వినదు. అరవల్ల. గట్టిగా అరువమ్మా."

"ఏమని అరవల్ల సార్?"

"నీళ్ళు కావల్ల అని."

ఆమె పలకను పైనుంచి కిందికి చూసింది. "ఎవురి మీద అరవల్ల?" అని అడిగింది. నిజంగానే అడిగింది. మొగుణ్ణి కూడా పేరు పెట్టి పిలిచి ఎరగని మనిషి. మేక చేలో పడితే కూడా నోటితో కాదు, చప్పట్లతో అదిలించేది.

ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "నాయనా," అంది. "మా మొక్కలకు నీళ్ళు నిలిచిపోయినాయి. ఇడిచిపెడితే పుణ్యముంటాది నాయనా."

"విన్నానమ్మా," అంది డబ్బా. ఆ గొంతులో మర్యాద ఉంది. "అరుపు కాదు, మామూలు విచారణ అని రాసుకున్నా. మీ గొట్టాన్ని పదో దినమే పట్టికలోంచి తీసేసినాము. మళ్ళీ ఎక్కియ్యాలంటే కొత్త అర్జీ పెట్టుకోవల్ల. వానలు పడినంక చూస్తారు."

"సరే నాయనా," అందామె.

"సరే కాదమ్మా!" అని దస్తగిరి సారు పెద్దగా అరిచాడు. ముఖం ఎర్రబడింది. పలక మీద అరచేత్తో కొట్టాడు. "నీళ్ళిడు! నీళ్ళిడు అంటాండా నిన్ను! చచ్చిపోతాండాయి అవి! ఇప్పుడు అరుస్తాండా కదా, వినబళ్ళేదా నీకు?"

గదిలో ఆయన గొంతు తిరిగి తిరిగి ఆగింది. డబ్బా ఆయన దమ్ము తీసుకునేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది.

"వినబడింది దస్తగిరీ. కానీ అది నా గొంతే కదప్పా. నా అరుపు నేనే లెక్కేసుకుంటే ఎట్ల?"

సాలమ్మ వదిన ఆయన వైపు, డబ్బా వైపు మార్చి మార్చి చూసింది. ఒకే గొంతు రెండు చోట్ల నుంచి రావడం ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె కళ్ళలో కోపం కోసం వెతికాను. లేదు. "పోదాం పా సుంకన్నా, ఎండెక్కుతాంది," అంది.

*

గుట్ట కింద వంకలో ఇసుక తవ్వితే చెలమ పడింది. మోకాలి లోతు గుంట, అడుగున ఊరే నీళ్ళు. నలుగురం మోశాం. సాలమ్మ వదిన, కాశింబక్క, నేను, దస్తగిరి సారు. ఏరు దూరం, వాలుకు బండి దారి లేదు. బిందె నింపడానికి చెలమ దగ్గర కాసేపు కూర్చోవాలి, ఎక్కడానికి కాసేపు పడుతుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి మోస్తే రోజుకు యాభై మొక్కలు తడిసేవి. మిగతా రెండు వందల యాభై చూస్తూ ఉండేవి.

"ఎన్నో కొన్ని ఏరుకుందాం సార్," అన్నాను మొదటి రోజే. "అన్నిటికీ పొయ్యలేం. ఏవి ఇడిచిపెడదామో చెప్పండి."

ఆయన బిందె భుజం మీద పెట్టుకుని వరుసల వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి. బిందెలోంచి నీళ్ళు ఒలికి చొక్కా తడుస్తున్నా అట్లాగే నిలబడ్డాడు. నేను అడిగింది పెద్దాయన చేసే పనేనని నాకు అప్పుడు తెలిసింది. మళ్ళీ అడగలేదు. వదిన మా ఇద్దరినీ దాటుకుంటూ పోయి, కుళ్ళాయప్ప మొదట నాటిన మూల నుంచి పోసుకుంటూ వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన మాట్లాడటం తగ్గిపోయింది. టీ గ్లాసు ఇస్తే తాగి గ్లాసు ఇచ్చేవాడు. ఫోను ఇంట్లోనే వదిలి వచ్చేవాడు. ఆ వెబ్‌సైటులో పెద్దాయన ఎక్కడ, ఏమీ రాయడం లేదే అని ఎవరెవరో అడుగుతున్నారని కాశింబక్క చెప్పింది. కొందరు పంపు హౌసులో ఉన్న దాన్నే అడిగి మాటలు రాయించుకుంటున్నారట. ఆ మాటలే బాగున్నాయన్నారట.

"అనరాదా ఏదన్నా?" అంది ఆమె ఒక పొద్దున, చెలమ దగ్గర. "నీ నోరు పడిపోతే ఇల్లు బోసిపోయింది."

ఆయన ఆమె బిందెలోకి చెంబుతో నీళ్ళు ముంచి పోశాడు. మెల్లగా, ఒక్క చుక్క కింద పడకుండా.

మోయడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు చెలమ అడుగున బురద వచ్చింది. ఇంకా తవ్వాను. రాయి తగిలింది. గుంటలో దిగి చెయ్యి పెట్టి చూశాను. తడి ఉంది, నీళ్ళు లేవు. పైకి చూస్తే ముగ్గురూ అంచున నిలబడి నా ముఖం చూస్తున్నారు. నేను చెయ్యి తుడుచుకుని పైకి వచ్చాను.

వాలు మీద మొక్కలు ఎండుపుల్లలై నిలబడ్డాయి. మూల వరుసలో కొన్నిటికి మాత్రం ఇంకా పచ్చ ఉంది. అది ఎన్నాళ్ళో మాకు తెలుసు. కింద ఎర్రప్ప తోటకు నీళ్ళు పారుతున్న చప్పుడు గాలికి వినబడుతున్నది.

"అన్నం తిని పోండి," అంది వదిన.

ఆమె ఇంటి పంచలో కూర్చున్నాం. ఆమె రాగి సంగటి ముద్దలు వేసింది, పప్పు పోసింది, తను కూడా కంచం పెట్టుకుని మా ఎదురుగా కూర్చుంది. నేను ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్నాను.

పప్పులో ఉప్పు లేదు.

కాశింబక్క చెయ్యి కంచం మీద ఒక్క క్షణం ఆగింది. ఆమె తల ఎత్తకుండా మొగుడి వైపు చూసింది. నేను కూడా చూశాను. దస్తగిరి సారు ముద్ద నమిలి, మింగి, ఇంకో ముద్ద విరుచుకున్నాడు. వదిన కూడా తింటున్నది.

ఉప్పు డబ్బా పొయ్యి పక్కన, ఆమె చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. నలుగురం కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం. ఎవరూ అడగలేదు.